ప్రథమ ఫలంగా ఒక సీసా నీళ్లు

ఆ ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరే ముందు హెప్సిబా ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె వెనకాల నిలబెట్టి ఉన్న చిన్న గాజు సీసాను బయటికి తీసింది. దగ్గు మందు సీసా పాటిది. మెడ దాకా నీళ్లున్నాయి. పైన అంటించిన తెల్ల చీటీ మీద కూతురు వినీల ఇంగ్లీషులో ఏదో రాసింది. హెప్సిబా దాన్ని పమిటచెంగుతో తుడిచి, బుట్టలో కొబ్బరికాయలకూ కందగడ్డకూ మధ్య ఒరిగిపోకుండా సర్దింది.

ఉయ్యూరులో వాళ్ల సంఘానికి ఆ రోజు కోత పండుగ. పొలం ఉన్నవాళ్లు మొదటి కంకులు తెస్తారు. లేనివాళ్లు పెరట్లో కాసిన మొదటి సొరకాయో, పెట్ట పెట్టిన మొదటి గుడ్లో తెస్తారు. ఏది ముందు చేతికొస్తే అది దేవుడిది. హెప్సిబాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ వాళ్లింట్లో మొదటిది దేన్నీ ఎవరూ తమకోసం ఉంచుకోలేదు. వినీలకు ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు తొలి జీతం కానుకల పళ్లెంలోనే పడింది. ఇప్పుడా పిల్ల రెండేళ్లుగా పడుతున్న కష్టానికి మొదటి ఫలం ఈ నీళ్లు. మిషను ఉంది, మట్టి ఉంది, కావాలంటే మళ్లీ తీసుకుంటుంది. మొదటిది ఇచ్చేస్తే తర్వాతవి వాటంతటవే వస్తాయి. ఇందులో అడగాల్సిందేముంది అనుకుంది హెప్సిబా.

అడుగుదామన్నా వినీల ఇంట్లో లేదు. ఏవో సర్కారు ఉద్యోగాల పరీక్షకు ఇన్విజిలేషన్ డ్యూటీ పడి, పొద్దున్నే బెజవాడ బస్సెక్కింది. బెంజ్ సర్కిల్ దగ్గర సెంటరు. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు.

ముందురోజు సాయంత్రం ఆ సీసా ఇంటికి వచ్చినప్పటి సందడి హెప్సిబాకు ఇంకా కళ్లముందే ఉంది. వినీల చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి వచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"వచ్చాయి నాన్నా. నీళ్లు వచ్చాయి. నేను అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి."

జయపాల్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. సీసాను ట్యూబ్‌లైటు కేసి ఎత్తి చూశాడు.

"ఇవి ఎక్కడి నీళ్లే?"

"అబ్రహాము తాతయ్య చేలో రేగడి మట్టివి."

"మట్టిలో నీళ్లు తీయడానికి అంత పెద్ద మిషనెందుకు? మన బోరు తీయట్లా?"

"ఆ నీళ్లు కాదు నాన్నా. మట్టిని ఎండబెడితే పోయే తడి ఉంటుంది చూడు, అది వేరు. అదంతా పోయాక కూడా మట్టి రేణువుల లోపల కొంచెం నీరు ఉంటుంది, దాని ఒంట్లోనే కలిసిపోయి. ఎర్రగా కాలిస్తే తప్ప వదలదు. సూర్యుడి చుట్టూ గ్రహశకలాలని చిన్నా పెద్దా రాళ్లు తిరుగుతుంటాయి. వాటిల్లో కొన్నింటి మీద ఉన్న మట్టి మన రేగడికి దూరపు చుట్టం. దాన్నుంచి నీళ్లు తీయడం కుదురుతుందా, కుదరదా అని చూస్తున్నాం."

"నేను పేపర్లో చదివింది వేరే. అక్కడ బంగారం, ప్లాటినం గుట్టలుగా ఉన్నాయంట. తవ్వి తెస్తే దేశాలకు దేశాలే బాగుపడిపోతాయంట."

"తెచ్చేదెట్లా? జపాన్ వాళ్లు ఏళ్ల తరబడి తిరిగి ఒక చెంచాడు మట్టి తెచ్చారు. అమెరికా వాళ్లు గుప్పెడు. ఆ గుప్పెడూ మేలిమి బంగారమే అనుకో, పోయొచ్చిన ఖర్చులో ఓ మూలకి రాదు."

"మరి ఎందుకే ఈ యాతన?"

"ఇక్కడికి తెచ్చుకోవడానికి కాదు, అక్కడే వాడుకోవడానికి. మీ బాయిలర్‌లోకి బొగ్గు ఎక్కణ్నుంచి తెస్తారు?"

"బొగ్గెందుకు? పిప్పి ఉందిగా."

"అదే చెబుతున్నా. చెరకు రసం తీశాక మిగిలిన పిప్పిని కాల్చి, ఆ ఆవిరితోనే మళ్లీ చెరకు ఆడుతున్నారు. బొగ్గంతా బయటినుంచి కొనాల్సొస్తే?"

"ఎప్పుడో తాళమేసేవాళ్లు."

"రాకెట్టు సంగతీ అంతే. పోయేదానికి, వచ్చేదానికి, తాగేదానికి అన్నీ ఇక్కణ్నుంచే మోసుకుపోతోంది. ఆ మోతకే సగం ప్రాణం పోతుంది దానికి. దారిలో నీళ్లు దొరికాయనుకో, తాగొచ్చు. విడగొడితే పీల్చుకునే గాలి వస్తుంది, రాకెట్టులో మండించేదీ వస్తుంది. ఇంకొంచెం దూరం పోవచ్చు."

జయపాల్ సీసా వైపు కొత్తగా చూశాడు. "పిప్పి అన్నమాట," అన్నాడు.

బుధవారం హైదరాబాద్ నుంచి ఈ పనికి డబ్బులిచ్చే పెద్దవాళ్లు వస్తారనీ, పని ముందుకు సాగాలో ఇక్కడితో ఆగాలో వాళ్లే తేలుస్తారనీ వినీల అప్పుడే చెప్పింది. వంటింట్లో అట్లు తిరగేస్తూ హెప్సిబా అంతా విన్నది. విని లోలోపల పొంగిపోయింది. అనుకున్నదానికన్నా ఎక్కువ నీళ్లు ఎందుకు వచ్చాయో ఆమెకు తెలుసు. కూతురికి మాత్రం చెప్పలేదు.

సంగతేమిటంటే, పెద్దలొస్తారని కాలేజీలో ల్యాబుకు రంగులు వేయిస్తున్నారు. ఆ వారం వినీల ఓవెన్‌లో ఎండబెట్టిన మట్టిపొడిని మరమూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి ఇంటికి తెచ్చి, బీరువా మీద పెట్టింది. ముట్టుకోవద్దు అని మరీ మరీ చెప్పింది. శుక్రవారం సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక హెప్సిబా ఇంట్లోనే పడింది. విత్తనాలు చల్లే ముందు వాటిని పళ్లెంలో పోసి, నడుమ పెట్టుకుని, అందరూ చేతులుంచి ప్రార్థించడం వాళ్లకు అలవాటు. ఆ పళ్లేన్ని తెల్లారేదాకా కదిలించరు. మూసిపెట్టిన దానిమీద ఎవరైనా ప్రార్థన చేస్తారా? హెప్సిబా డబ్బా మూత విప్పి మట్టిపొడిని పెద్ద పళ్లెంలో పలచగా పరిచింది. నా బిడ్డ కష్టానికి నీళ్లు సమృద్ధిగా ఇవ్వు తండ్రీ అని కన్నీళ్లతో అడిగింది. తెల్లారాక గింజంత పొడి కూడా కింద పోనీయకుండా మళ్లీ డబ్బాలోకి ఎత్తి మూత బిగించింది. ఆ డబ్బానే వినీల శనివారం పొద్దున కాలేజీకి పట్టుకెళ్లింది. ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకున్నందుకు కొంచెం బెరుకు ఉన్నా, ఫలితం వచ్చాక ఆ బెరుకు కూడా పోయింది.

చర్చి ముందు పందిట్లో గుమ్మడికాయలు, అరటిగెలలు, నిలబెట్టిన చెరకు గడలు, కాళ్లు కట్టిన కోళ్లు. హెప్సిబా బుట్టలోంచి సీసా తీసి బల్లమీద పెడుతుంటే పాస్టరు అయ్యగారు వంగి చూశారు.

"ఏంటమ్మా ఇది, మందా?"

"కాదయ్యగారూ. ఆకాశంలో తిరిగే రాళ్లలోంచి నీళ్లు తీసే పని మా వినీలది. అందులో వచ్చిన మొదటి నీళ్లు."

అయ్యగారు సీసాను కాసేపు చేతిలో పట్టుకున్నారు. ప్రార్థనలో దాన్ని ప్రత్యేకంగా తలుచుకున్నారు. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే కానుకలన్నీ వేలంపాట పెట్టారు. పాడుకున్నవాళ్లు వాటిని దీవెనగా ఇంటికి పట్టుకెళతారు. పాట పిలిచేది జాన్ పాల్. ఊళ్లో మైకు సెట్ల షాపు అతనిదే.

"ఇదిగో, ఆకాశం నీళ్లు. మన హెప్సిబా అక్కయ్యగారి అమ్మాయి తీసిన నీళ్లు. షుగర్ తగ్గుతుందని నేను చెప్పను. తగ్గకపోతే నన్నడగొద్దు."

నవ్వులు. ఇద్దరు ముగ్గురు సరదాకు పాడారు. అంతలో వెనక కుర్చీలోంచి అబ్రహాము లేచాడు. ఊరవతల కాలువ పక్కన పొలం ఉన్న పెద్దాయన. సంఘంలో అందరికీ బాబాయో, తాతో అవుతాడు.

"ఆపండహే. మట్టి నాదైతే నీళ్లు ఇంకోడికి పోనిస్తానా?"

అంతటితో పాట ముగిసింది.

సాయంత్రం వినీల వచ్చి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి, అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఇక్కడ సీసా ఏది?"

"చర్చికిచ్చాను వినీ. మొదటిది కదా." చెబుతూనే హెప్సిబా కూతురి మొహం చూసింది. "అయ్యగారు ఎంత బాగా ప్రార్థన చేశారనుకున్నావు."

వినీల ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసింది. "బుధవారం వాళ్ల ముందు పెట్టాల్సింది అదేనమ్మా. నీళ్లు చూపించండి అని అడుగుతారు. చూపించకపోతే మాటలతో నమ్మరు."

"మళ్లీ తీస్తే రావా?"

"మట్టి ఎండాలి. కాలాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా అయిపోయింది." గొంతు పెంచలేదు. అదే హెప్సిబాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. "ఎవరు పాడుకున్నారు?"

ఇద్దరూ స్కూటీ మీద కాలువ గట్టు వెంట పోయారు. అబ్రహాము చేను దగ్గర షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ సీసా పక్కనే ఉంది.

"వందనాలు తాతయ్యా. అందులో నీళ్లు..."

"పోసేశానమ్మాయ్."

"ఎక్కడ?"

"చేలోనే. నువ్వు మట్టి తవ్వుకుపోయిన గుంట లేదూ, గట్టు పక్కన? పాడుకున్న విత్తనం ఇంట్లో దాచుకుంటామా? చేలో వేస్తాం. ఇదీ అంతే. ఎక్కడిది అక్కడికి చేర్చాను."

ముగ్గురూ గుంట దగ్గరికి వెళ్లారు. రెండు రోజుల కిందటి వాన నీరు అడుగున నల్లగా నిలిచి ఉంది. ఓ కప్ప మునిగి తేలింది. వినీల నడుం మీద చేతులుంచుకుని అలా చూస్తూ నిలబడింది. చివరికి నవ్వొచ్చినట్టుంది.

"పార ఉందా తాతయ్యా?"

"దేనికి? నీళ్లు తోడుకుంటావా ఏం?"

"మట్టి తవ్వుకుంటా. ఈ పక్కన, పొడిగా ఉన్న చోట."

"తవ్వుకో. ఇంకా గుంటలైతే చేపలు వేసుకుంటా," అన్నాడు అబ్రహాము.

సోమవారమంతా మట్టి కాలేజీ ఓవెన్‌లో ఎండింది. మంగళవారం వినీలతో పాటు హెప్సిబా కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. "నా వల్ల పాడైన పని. కనీసం అన్నం బాక్సు మోస్తా," అంది. కానూరు దగ్గర బస్సు దిగి, కాలేజీ లోపలికి నడిచారు. ల్యాబులో ఇంకా రంగుల వాసన పోలేదు. వినీల తల్లికి ఒక స్టూలు చూపించి పనిలో పడింది.

ఓవెన్‌లోంచి తీసిన మట్టి గిన్నెను వినీల పరుగులాంటి నడకతో పట్టుకెళ్లి, లావుపాటి గాజు పాత్రలో పెట్టి మూత బిగించింది. పాత్ర అడుగున నీలం రంగు గుళికలున్నాయి.

"అవేంటే, పటికబెల్లం ముక్కల్లాగా?"

"తడి పీల్చే గుళికలమ్మా. పక్కన ప్లేటులో పాతవి చూడు, గులాబీ రంగు తిరిగాయి. అంటే కడుపు నిండా తాగేశాయి."

"ఎక్కడి తడి?"

"గాలిలోది. ఈ మట్టి కూడా అంతే. ఒకసారి బాగా ఎండిందంటే దాహంతో ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలిలో తడంతా లాగేసుకుంటుంది. మన కృష్ణా గాలి సంగతి నీకు తెలుసుగా, ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. అందుకే ఇంత జాగ్రత్త."

హెప్సిబా ఒళ్లో ఉన్న అన్నం బాక్సు మీద చేతులు బిగుసుకున్నాయి. ఆ శుక్రవారం రోజంతా వాన. కిటికీ తీసే ఉంది. పళ్లెంలో మట్టి ముగ్గుపిండిలా పలచగా పరిచి ఉంది.

కాకపోవచ్చులే అనుకుంది. ఒక్క రాత్రికి ఏం తాగుతుంది? అదీ ప్రార్థన చేసిన మట్టి.

వినీల మట్టిని తూచి ఫర్నేసులో పెట్టింది. గొట్టం చివర మంచుగడ్డల డబ్బాలో గాజు సీసా అమర్చింది. గంటలు గడిచాయి. ఫర్నేసు కిటికీలోంచి ఎర్రటి వెలుగు కనిపించింది. గొట్టం లోపల ఆవిరి పట్టి, చుక్కగా మారి, జారి సీసాలో పడింది. తర్వాత ఇంకోటి. హెప్సిబా ఊపిరి బిగపట్టి చూసింది. చుక్కలు మెల్లగా పడ్డాయి, తర్వాత ఇంకా మెల్లగా పడ్డాయి, తర్వాత ఆగిపోయాయి.

వినీల సీసాను వెలుతురులో పెట్టి చూసింది. అడుగు తడిసి, పైన కాస్త లేచి ఉన్నాయి నీళ్లు. మొన్నటి సీసాలో నాలుగో వంతు ఉంటాయేమో.

"ఏంటిది," అంది తనలో తనే. గొట్టాల కీళ్లన్నీ ఒక్కొక్కటే తడిమింది. మళ్లీ తూచింది. మొహం పాలిపోయింది.

అప్పుడే డిపార్టుమెంటు హెడ్డు జయంత్ లోపలికొచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంటాడు. హెప్సిబాను చూసి చేతులు జోడించాడు.

"నమస్తే అమ్మగారూ. ఏం మేడం, అయిందా?"

వినీల సీసా చూపించింది.

"ఇంతేనా?"

"ఇంతే సార్. మొన్న నాలుగింతలు వచ్చింది. అదే చేను, అదే మట్టి, అదే మంట. ఏది తప్పో తెలియట్లేదు."

జయంత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎక్కడో గొట్టం లీకై ఉంటుంది. ఆవిరి పోయుంటుంది. మొన్నటి రీడింగు రాసుకున్నారు కదా? సీసా ఫోటో ఉంది కదా?"

"ఉన్నాయి."

"అవి చూపిద్దాం. దొంగ లెక్కేం కాదుగా, మీ చేత్తో మీరు తీసిందేగా. రేపు ఇది చూపించామంటే, ఈ కాసిని చుక్కల కోసం అంత దూరం పోవడం దేనికని లేచిపోతారు. తర్వాత తీరిగ్గా లీకు వెతుక్కోవచ్చు."

వినీల బల్ల అంచున వేళ్లతో గీస్తూ నిలబడింది. "అదీ నా రీడింగే," అంది చివరికి. "ఇదే తప్పేమో. లీకే అయి ఉండొచ్చు."

హెప్సిబా కూతురి మొహం చూసింది. చిన్నప్పుడు కూడా అంతే ఈ పిల్ల. అబద్ధం చెప్పే ముందు కాదు, ఒక మాటను నిజమని తనకు తాను నచ్చజెప్పుకునే ముందు ఇలా వేళ్లతో గీతలు గీసేది. ఇంకో నిమిషం ఊరుకుంటే సరిపోతుంది. రేపు ఆ పెద్దలు ఫోటో చూస్తారు, మెచ్చుకుంటారు, పని సాగుతుంది. సంఘంలో తన మాట నిలుస్తుంది. కూడికకు వచ్చిన ఆడవాళ్లంతా ఆదివారం తన చేతులు పట్టుకుని, మన ప్రార్థనే పిన్నీ, అన్నారు. అవునని తనూ అంది.

కానీ ఆ పెద్ద లెక్కను నమ్మి రేపు ఎవరో పైకి పోయే యంత్రం కడితే? నీళ్లున్నాయనుకుని పోయినవాళ్లకు అక్కడ ఈ పాటి తడే దొరికితే?

"వినీ," అంది. "ఆ డబ్బా నేను మూత తీశాను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఏ డబ్బా?" అంది వినీల.

"మొన్న ఇంట్లో పెట్టిన మట్టి డబ్బా. శుక్రవారం కూడికలో ప్రార్థన చేయించాను. విత్తనాలకి చేస్తాం చూడు, అట్లా."

"మూత తీసి చేశారా?"

"పళ్లెంలో పోశాను."

వినీల తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎంతసేపు ఉంచావమ్మా?"

"తెల్లారేదాకా. కదిలించకూడదుగా." అంది హెప్సిబా. "కిటికీ తీసే ఉంది. వాన పడుతోంది."

వినీల అలాగే కూర్చుని తల్లి మోకాలి మీద నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని హెప్సిబా భయపడింది. తల ఎత్తాక చూస్తే ఆ పిల్ల నవ్వుతోంది, కళ్లలో నీళ్లున్నాయి.

"అంటే మొన్న నేను తీసింది మనింటి గాలి. ఉయ్యూరు వాన."

"నీకు ఎక్కువ నీళ్లు రావాలని అడిగానే తల్లీ."

"వచ్చాయిగా మరి." వినీల లేచి చిన్న సీసాను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇదే సరైంది సార్. పుస్తకాల్లో రేగడికి చెప్పేదీ ఇంతే. మొన్న అంత వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. సంబరంలో పడి చూసుకోలేదు."

జయంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే రేపు ఇదే చూపిస్తారా?"

"రెండూ చూపిస్తా. మొదటిది ఎందుకు తప్పో కూడా చెబుతా."

"ఏమని చెబుతారు?"

"శాంపిలు ఒక రాత్రంతా గాలికి ఉందని."

"ప్రార్థన సంగతి చెప్పకే," అంది హెప్సిబా. జయంత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోలేక.

బుధవారం సాయంత్రం జయపాల్ డ్యూటీ నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా గుమ్మంలో కూర్చున్నాడు. హెప్సిబా చేపల పులుసు చేసింది గానీ రుచి చూడబుద్ధి కాలేదు. వినీల వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది.

"ఆపెయ్యమనలేదు," అంది చెప్పులు విప్పుతూ. "పెద్ద ఫర్నేసు అడిగాం, అది మాత్రం ఇవ్వలేమన్నారు. ఇంకో ఏడాది ఈ చిన్నదాంతోనే చేయమన్నారు."

"ఏమడిగారు?" అన్నాడు జయపాల్.

"వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ అడగనిది లేదు. అసలిది అయ్యే పనేనా అంది. తెలియదండీ అన్నాను. అక్కడ బరువుండదు, పార వేస్తే మట్టి రాదు, మనమే వెనక్కి పోతాం. ఎండను అద్దాలతో ఒకచోటికి తెచ్చి మట్టి కాల్చాలి. అంతా చేస్తే వచ్చేది ఇంతని చిన్న సీసా చూపించాను. ఇంత తక్కువైనా లాభమేనా అంది. అమ్ముకునే లాభం నాకైతే కనిపించట్లేదు, మోసుకుపోయే బరువు తగ్గుతుందా అన్నదే చూడాలి, దానికి ఎన్నో ఏళ్లు లెక్కలు కట్టాలి అన్నాను."

"మరి మొదటి సీసా?" అంది హెప్సిబా.

"దాని దగ్గరే ఆగిపోయింది ఆవిడ." వినీల తల్లి వైపు చూసింది. "పైకి పోయే యంత్రాన్ని ఎక్కడ కడతారు? ఇక్కడే, ఈ గాలిలోనే. దాని గొట్టాల్లో, గోడల్లో మన తడి పట్టుకుని ఉంటుంది. అక్కడికి పోయి వేడెక్కగానే అది బయటికొచ్చి, ఇవిగో ఇక్కడి నీళ్లు అని మనల్నే మోసం చేస్తుంది. జపాన్ వాళ్లు, అమెరికా వాళ్లు తెచ్చిన మట్టిని కూడా మన గాలి తగలకుండా తెరవాల్సొచ్చింది. ముందు ఆ తడి లెక్క తేల్చండి, ఈ ఏడాది మీ పని అదే అంది."

"అంటే పిప్పి తడిగా ఉందో లేదో ముందు చూసుకోమంది," అన్నాడు జయపాల్.

"అంతే నాన్నా."

ఆదివారం చర్చి అయ్యాక హెప్సిబా పందిట్లో అబ్రహామును పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. కూడిక ఆడవాళ్లు కూడా చుట్టూ చేరి విన్నారు. ఒకరిద్దరి మొహాలు చిన్నబోయాయి.

"అంటే నేను చేలో పోసింది మీ ఇంటి గాలా?" అన్నాడు అబ్రహాము.

"ముప్పాతిక గాలే బాబాయిగారూ. నన్ను క్షమించండి."

"మిగతా పావు?"

"అది మట్టిదే. మట్టి పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉందంట."

"నేను పుట్టినప్పట్నుంచీ ఆ చేలోనే తిరుగుతున్నా. దాని లోపల ఇట్లా ఉందని ఎప్పుడూ అనుకోలా," అన్నాడు అబ్రహాము. చేతికర్ర తీసుకుని లేస్తూ, "మట్టి ఇంకా కావాలంటే రమ్మను. చేపల గుంట ఇంకా చాల్లేదు," అన్నాడు.

ఆ వచ్చే శుక్రవారం కూడిక మళ్లీ హెప్సిబా ఇంట్లోనే. వినీల కాలేజీకి సెలవు పెట్టకపోయినా త్వరగా వచ్చింది. బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసింది. మూత చుట్టూ టేపు వేసి ఉంది. చాప మీద, ఆడవాళ్ల నడుమ పెట్టింది.

"ప్రార్థన చేసుకోండి," అంది. "మూత మాత్రం తీయొద్దు."

"మూసిపెట్టిన దాని మీదా?" అని అడిగింది తెరేసమ్మ, సంఘంలో అందరికన్నా పెద్దది.

"మూత మీదే చేతులు పెట్టండి పిన్నిగారూ," అంది హెప్సిబా.

చేతులన్నీ చల్లటి స్టీలు మూత మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హెప్సిబా కళ్లు మూసుకుంది. అలవాటు కొద్దీ సమృద్ధిగా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆగింది. వెనక గుమ్మానికి ఆనుకుని వినీల నిలబడి ఉందని ఆమెకు తెలుసు.

"ఇందులో ఎన్ని ఉంటే అన్నే కనబడనివ్వు తండ్రీ," అంది. "ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

కాసేపటికి వెనకనుంచి, చాలా మెల్లగా, ఆమెన్ అన్న మాట వినిపించింది.